గట్టు మీద మనం నోరు కట్టేసుకుందాం, గ్రౌండ్‌లో పిల్లల్ని ఆలోచించనిద్దాం!

సాఫ్ట్‌బాల్ కోచ్‌లకు, పీఈటీ సార్లకు, మేడమ్‌లకు, మ్యాచ్ చూడటానికొచ్చే తల్లిదండ్రులకు విన్నపం



ఏ హైస్కూల్ గ్రౌండ్‌లో మ్యాచ్ జరిగినా బ్యాట్ చప్పుడు కంటే ముందు మన గొంతులే వినిపిస్తున్నాయి. "ఫస్ట్‌కి వెయ్!" "ఆగవే!" "ఉరుకు, ఉరుకు!" "కొట్టొద్దన్నానా!" పిల్లలకు బంతి పట్టడం వచ్చింది, విసరడం వచ్చింది. ఎప్పుడు ఎక్కడికి విసరాలో తేల్చుకోవడం మాత్రం రాలేదు. ఆ పని మనమే లాక్కున్నాం కాబట్టి.

మహిళల మ్యాచ్‌లో పిచర్‌కీ హోమ్ ప్లేట్‌కీ మధ్య దూరం 43 అడుగులు. బంతి గంటకు వంద కిలోమీటర్ల జోరుతో వస్తే బ్యాటర్‌కు దొరికేది అర సెకను లోపే. మన పిల్లల బంతి అంత జోరుగా రాదు, నిజమే. అయినా మీరు "కొట్టు" అని నోరు తెరిచేసరికి అది క్యాచర్ గ్లవ్‌లో ఉంటుంది.

రన్నర్ సంగతి ఇంకా అన్యాయం. సెకండ్ బేస్ మీద ఓ పాప. బంతి షార్ట్‌స్టాప్ వైపు దొర్లింది. కోచ్ "పో" అన్నాడు, నాన్న "వద్దు" అన్నాడు, బెంచ్ మీది పిల్లలు "వెనక్కి రా" అన్నారు. పాప నాలుగడుగులు వేసి, మెడ తిప్పి గట్టు వైపు చూసింది. ఆ చూపులోనే బంతి కంటికి దూరమైంది. ట్యాగ్ చేశారు, అవుట్. ఆ తర్వాత మనం అన్న మాట: "బుర్ర లేదా నీకు?" ఉంది. మనమే వాడుకోనివ్వలేదు.

బుర్ర వాడుకోనిస్తే ఏం జరుగుతుందో చూడండి. 2021 జులై 27, యొకొహామా, ఒలింపిక్ సాఫ్ట్‌బాల్ ఫైనల్. ఆరో ఇన్నింగ్స్‌లో జపాన్ 2-0తో ముందుంది. అమెరికాకు ఒక్కరే అవుట్, ఇద్దరు బేస్‌ల మీదున్నారు. అమండా చిడెస్టర్ గట్టిగా కొట్టిన బంతి థర్డ్ బేస్‌లో ఉన్న యూ యమమొటో చేతికి తగిలి పక్కకు ఎగిరింది. షార్ట్‌స్టాప్ మానా అత్సుమి దాన్ని నేల తాకకుండా అందుకుని, ఆ ఊపులోనే సెకండ్ బేస్‌కి వేసింది. బ్యాటర్, సెకండ్ బేస్ రన్నర్ ఇద్దరూ అవుట్. జపాన్ అదే స్కోరుతో స్వర్ణం గెలిచింది. అలా చెయ్యమని ఏ కోచ్ అరిచి చెప్పగలడు?

మీ భయం మాకూ తెలుసు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్, సర్టిఫికెట్, స్పోర్ట్స్ కోటా సీటు. ఒక్క తప్పుతో అన్నీ పోతాయేమోనని గొంతు లేస్తుంది. అందుకే అడుగుతున్నాం: తప్పులన్నీ ప్రాక్టీస్‌లోనే చెయ్యనివ్వండి. అక్కడ ఓడితే ఎవరి సర్టిఫికెటూ చిరగదు.

పిచ్ వెయ్యకముందే ఆట ఆపి అడగండి: "ఎంతమంది అవుట్? రన్నర్లెక్కడున్నారు? బంతి నీకొస్తే ఎక్కడికి వేస్తావ్?" ఒక్కరే అవుటైనప్పుడు బంతి గాల్లోకి లేస్తే రన్నర్ ఎందుకు ఆగి చూడాలి, ఇద్దరు అవుటయ్యాక ఎందుకు ఆగకుండా ఉరకాలి? జవాబు మీరు చెప్పకండి. వాళ్లలో వాళ్లు వాదించుకోనివ్వండి, కాస్త గోలైనా పర్లేదు. తప్పు జరిగితే "ఎందుకలా చేశావ్" అని గద్దించకండి, పిల్ల తల దించుకుంటుంది. "నీకేం కనబడింది?" అని అడగండి, చెబుతుంది. ఒక్కోసారి మీకు కనబడనిది కూడా చెబుతుంది.

సైగలు అసలే వద్దని మేం అనడం లేదు. థర్డ్ బేస్ వైపు ఉరికే రన్నర్‌కు వెనక బంతి కనబడదు. అక్కడ బేస్ కోచ్ ఉండాల్సిందే. ఆ చోట కూడా అప్పుడప్పుడు ఓ పిల్లనే నిలబెట్టండి. దెబ్బ తగిలే ప్రమాదముంటే ఎవరైనా అరవండి. మిగతాదంతా చప్పట్లే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇంటికెళ్లే దారిలో బండి మీద మ్యాచ్‌ను మళ్లీ ఆడించకండి. ఆకలేస్తోందా అని అడగండి, చాలు.

ఈ ఆదివారం ప్రాక్టీస్ మ్యాచ్‌తోనే మొదలుపెడదాం. ఏడు ఇన్నింగ్స్‌లో మూడోది, ఐదోది పూర్తిగా పిల్లలవి. ఆ రెండింట్లో బ్యాటింగ్ వరుస వాళ్లే రాసుకుంటారు, ఎవరు ఎక్కడ నిలబడాలో వాళ్లే చెప్పుకుంటారు, పిచర్‌ను మార్చాలో వద్దో కూడా వాళ్లదే మాట. పెద్దలందరూ అవుట్‌ఫీల్డ్ కంచె అవతల, వేపచెట్ల కింద కూర్చోవాలి. కోచ్‌లు కూడా. కుర్చీలు మేం వేయిస్తాం, ఉదయం ఆరున్నరకల్లా రండి.

ఇట్లు
సాఫ్ట్‌బాల్ పిల్లల తల్లిదండ్రులు, పాత ఆటగాళ్లు