అవతలివాని కాగితం

విజయవాడలోని ఒక చిన్న పాత్రల వర్తకుడు 1990లో నాగపూరు దుకాణదారుకు 10,000 రూపాయల సరుకు పంపాడనుకుందాం. 1956 నాటి కేంద్ర అమ్మకపు పన్ను చట్టం ప్రకారం దానిపై పన్ను 4 శాతం, అనగా 400 రూపాయలు. అయితే ఈ తక్కువ రేటుకు ఒక షరతు ఉండేది. సరుకును తిరిగి అమ్ముకొనేందుకో, తయారీలో వాడేందుకో కొన్నానని అవతలి వ్యాపారి ‘సి’ ఫారం మీద రాసి ఇవ్వాలి. ఆ ఫారం బజారులో దొరికేది కాదు. కొన్నవాని రాష్ట్రపు పన్నుల శాఖే జారీ చేయాలి.

ఫారం రాకపోతే? పన్ను కనీసం 10 శాతం. తేడా 600 రూపాయలు అమ్మినవాని నెత్తిన పడేది. పాత్రల మీద మిగిలే లాభమే ఎంత గనుక! అప్పటికి సరుకు అమ్ముడుపోయి ఉంటుంది, డబ్బు చేతులు మారి ఉంటుంది. ఇక ఉత్తరాలకు జవాబిచ్చే తొందర కొన్నవానికేమిటి? పెద్ద సంస్థ అయితే ఫారం వచ్చేవరకు ఆ తేడాను డిపాజిట్టుగా పట్టి ఉంచగలదు. చిన్నవాడు ఆ మాటెత్తితే బేరమే పోతుంది. ‘డిక్లరేషన్’ను మనం ‘ప్రకటన’ అని అనువదిస్తాము. ఒకరి మాటకు మరొకరు పూచీపడే ఈ పత్రానికి ఆ పేరు చాలదని నాకనిపిస్తుంది.

రేటు 2007లో 3 శాతానికి, 2008లో 2 శాతానికి తగ్గింది. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చాక పెట్రోలు, డీజిలు, మద్యం వంటి కొన్నింటికి తప్ప సి ఫారం పని లేకపోయింది. ఇప్పుడు చట్టం మెలిక రెండోవైపు తిరిగింది: అమ్మినవాడు ప్రభుత్వానికి పన్ను కట్టకపోతే, కొన్నవానికి ఇన్‌పుట్ క్రెడిట్ దక్కదు.