గృహవిజ్ఞానము: ఫోను తెరలోని వెలుగు, అందలి లోహము



మా సూళ్లూరుపేట సోదరి యొకరు గతమాసమున నన్నిట్లడిగిరి: "మా యింట రెండు ఫోనులు గలవు. చీకటిలో చూచినచో ఒకదాని నలుపు బూడిదవలెను, రెండవదాని నలుపు కాటుకవలెను కనబడును. ఈ భేదమున కేమి కారణము?" ప్రశ్న చిన్నదే గాని, దాని వెనుక నున్న శాస్త్రము మిగుల రమ్యమైనది. కావున ఈ మాసము దానినే వివరించుచున్నాను.

బూడిదవన్నె నలుపు గల తెర ఎల్.సి.డి. జాతికి చెందినది. దాని వెనుక దీపము సదా వెలుగుచునే యుండును. నలుపు కావలసిన చోట ముందున్న తలుపు మూసికొనును. ఎంత మూసినను సందులగుండ కొంత వెలుతురు వచ్చుచునే యుండును. కాటుకవంటి నలుపు గల తెరకు ఓలెడ్ అని పేరు. అందు ప్రతి చుక్కయు తనంతట తానే యొక దీపము. నలుపు కావలసిన చోట ఆ దీప మారిపోవును. ఆరిన దీపమునకు విద్యుత్తు ఖర్చు లేదు గదా!

ఈ దీపమున వత్తియు లేదు, నూనెయు లేదు. తలవెండ్రుక మందములో కొన్ని వందలవ వంతు మాత్రమే యుండు కర్బన పదార్థపు పొరలు రెండు విద్యుద్ద్వారముల నడుమ నుండును. ఒకవైపునుండి ఎలెక్ట్రానులును, రెండవవైపునుండి ఎలెక్ట్రాను లేని ఖాళీలును వచ్చి ఒక అణువులో కలిసికొన్నప్పుడు వెలుగు పుట్టును. అమెరికాలోని కోడక్ సంస్థయందు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అను శాస్త్రజ్ఞులు 1987లో తక్కువ విద్యుత్తుతో చక్కగా వెలుగు ఇట్టి దీపమును లోకమునకు చూపిరి. వెలుగు నిచ్చుటకు వారు గ్రహించినది అల్యూమినియము గల యొక కర్బన సమ్మేళనము. అది పచ్చని కాంతి నిచ్చినది.

అయినను అం దొక గొప్ప నష్టముండెను. ఎలెక్ట్రాను తన చుట్టు తాను తిరుగుచున్నట్లు తోచు గుణమునకు స్పిన్ అని పేరు. ఈ స్పినుల పొందికనుబట్టి ప్రతి నాలుగు కలయికలలో ఒక్కటి మాత్రమే వెలుగగును. తక్కిన మూడును వేడియై వ్యర్థమగును. నాలుగు సోలల బియ్యము వండి, ఒక సోల యన్నము వడ్డించి, మూడు సోలల యన్నము పారబోసిన యిల్లాలిని మన మేమందుము? శాస్త్రజ్ఞులకును ఈ దుబారా సహింపరానిదయ్యెను.

దీనికి ఉపాయము బరువైన లోహమునందు దొరకినది. 1998లో అమెరికాలో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ మొదలగువారు ప్లాటినమును మధ్య నిలిపిన పార్ఫిరిన్ అను వలయాకార సమ్మేళనమును వాడి ఎర్రని వెలుగు పుట్టించిరి. ఈ వలయజాతి మనకు పరాయిది కాదు. దాని నడుమ ఇనుము నిలిచిన మన రక్తమున కెరుపు. మెగ్నీషియము నిలిచిన ఆకునకు పచ్చదనము. మరుసటి సంవత్సరము, అనగా 1999లో, ఇరిడియము గల మరియొక సమ్మేళనముతో పచ్చని వెలుగు సాధింపబడెను.

అల్యూమినియమును లోహమే గదా, అది చేయలేని పని ఇవి యెట్లు చేసెనని మీరడుగవచ్చును. అల్యూమినియము తేలిక. ఇరిడియము, ప్లాటినము మిక్కిలి బరువైన పరమాణువులు గలవి. అట్టి పరమాణువు చెంత ఎలెక్ట్రాను మహావేగమున సంచరించుటచే దాని స్పినునకును, సంచారమునకును గట్టి సంబంధ మేర్పడి, వెలుగునకు మూయబడిన దారి తెరచుకొనును. మా చెంగాళమ్మ గుడి తలుపులు రేయింబవళ్లు మూయరని ఈ ప్రాంతమువా రెల్లరు నెరుగుదురు. భారలోహమును అట్లే, వెనుదిరుగవలసిన ఆ మూడు కలయికలకును ద్వారము తెరచును. నాలుగింట నాలుగును వెలుగగును.

ఇరిడియమునకు ఆ పేరు పెట్టినవాడు స్మిథ్‌సన్ టెన్నెంట్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు. దాని లవణములు పెక్కు రంగులలో నుండుట చూచి, 1803లో గ్రీకుల ఇంద్రధనుర్దేవత యగు ఐరిస్ పేర దానిని పిలిచెను. నేడు తెరలకు రంగుల నిచ్చుచున్న లోహమున కా పేరు ఎంత తగియున్నదో చూడుడు! కాని ఇది భూమిపై మిగుల అరుదు. దక్షిణాఫ్రికాలో ప్లాటినము త్రవ్వుచుండగా దానితోపాటు దొరకునదే అధికము. అందుచే చవుకయైన రాగి సమ్మేళనములతో ఈ పని చేయించుటకు పరిశోధనలు జరుగుచున్నవి. జపానులో చిహయ అడాచి బృందము 2012లో లోహము లేకయే దాదాపు అన్ని కలయికలను వెలుగుగా మార్చు మార్గమును చూపెను.

ఇక నీలమొక్కటి చిక్కు. నీలకాంతికి శక్తి హెచ్చు; ఆ శక్తియే అణువు బంధములను త్రెంచి దానిని త్వరగా చెరచును. కావుననే ఎరుపునకు, పచ్చకు లోహ సమ్మేళనములు వాడుకలోనికి వచ్చియు, నీలమునకు చిరకాలము పాతపద్ధతియే నిలిచెను. గృహిణి యిందుండి గ్రహింపవలసిన దేమనగా: ఓలెడ్ తెరను అవసరమునకు మించిన కాంతితో నుంచరాదు, కదలని బొమ్మ నొక్కదానినే గంటలకొలది నిలుపరాదు, ఎండలో వేడెక్కనీయరాదు. నల్లని పూర్వరంగము పెట్టుకొన్నచో విద్యుత్తు మిగులును. పాతఫోనును చెత్తకుప్పలో వేయక, విద్యుత్పరికరములను సేకరించువారి కిచ్చుట మేలు.

చివరగా ఒక మాట. మాకు దక్షిణమున నున్న శ్రీసిటీలో 2015లో ఫోనుల కూర్పు ఆరంభమైనప్పుడు ఈ సీమ యాడుబిడ్డలు పెక్కుమంది ఆ పనిలో చేరిరి. అది గౌరవమైన పనియే. కాని ఆ ఫోనుల తెరలోని వెలుగు సమ్మేళనములు రసాయనశాలలలో పుట్టినవి. మాకు నూరు కిలోమీటర్లలోపుననే మద్రాసు ఐ.ఐ.టి.లో ఇట్టి తెరలకై పరిశోధనకేంద్రము గలదు. అచ్చటికి పోవు దారి ఇంటరులోని రసాయనశాస్త్రమునుండియే మొదలగును. "ఆడుపిల్ల కెందుకీ కష్టపు చదువు?" అని ఆ దారిని మనమే మూయకుందుము గాక. తెరను కూర్చు బిడ్డ చెల్లెలు, ఆ తెరకు చెడని నీలమును కనిపెట్టునేమో యెవ రెరుగుదురు!