కాన్పు సెలవుకు జీతం ఎవరు కట్టాలి? ఒమన్ చట్టం నుంచి మార్టూరు మిరప చేల దాకా

గల్ఫ్‌లో పనిచేసే ఆడపిల్ల గర్భవతి అని తెలిస్తే సంతోషంతో పాటే ఇంట్లో ఒక భయం మొదలవుతుంది: ఉద్యోగం ఉంటుందా, పోతుందా? ఒమన్‌లో ఈ భయాన్ని కొంత తగ్గించే ఏర్పాటు జరిగింది. 2023 జూలైలో వచ్చిన 52/2023 రాజశాసనం కింద ప్రసూతి సెలవు బీమా 2024 జూలై 19 నుంచి అమలవుతోంది. ఒమన్ పౌరులతో పాటు బయటి దేశాల నుంచి వెళ్లి పనిచేసే మహిళలకూ ఇది వర్తిస్తుంది. 98 రోజుల సెలవు, పూర్తి జీతం. తండ్రికి 7 రోజులు.

ఇందులో అసలు విశేషం రోజుల లెక్క కాదు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది. పాత కార్మిక చట్టంలో 50 రోజుల సెలవు ఉండేది, ఆ జీతం యజమానే కట్టుకోవాలి. ఇప్పుడు యజమానులు ఆడ, మగ తేడా లేకుండా కార్మికుల జీతంపై 1 శాతం సామాజిక రక్షణ నిధికి కడతారు. సెలవు జీతం ఆ నిధే ఇస్తుంది. దాంతో పెళ్లయిన మహిళను పనిలో పెట్టుకుంటే నష్టమనే లెక్క చాలావరకు పోతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒప్పందం చెప్పిందీ ఇదే: కనీసం 14 వారాల సెలవు, భారం ఒక్క యజమాని మీదే పడకూడదు.

మన దేశంలో కాగితం మీద సెలవు ఇంకా ఎక్కువ. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలయింది. కానీ ఈఎస్ఐ లేని చోట ఆ జీతమంతా యజమానే భరించాలి. చిన్న యజమాని ఆ ఖర్చుకు భయపడి ఆడవాళ్లను తీసుకోకుండా ఉంటే అడిగేవారుండరు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ పాత చట్టాలను ఒకచోట చేర్చింది గానీ ఈ పద్ధతిని మార్చలేదు.

ఈఎస్ఐ ఉన్న చోట కథ వేరు. యజమాని 3.25 శాతం, కార్మికురాలు 0.75 శాతం కడితే సెలవు జీతం ఈఎస్ఐ ఇస్తుంది. నెల జీతం 21,000 రూపాయలు దాటకూడదు, అంతకుముందు ఏడాదిలో కనీసం 70 రోజుల చందా పడి ఉండాలి. మార్టూరులో స్పిన్నింగ్ మిల్లుకో గ్రానైట్ ఫ్యాక్టరీకో వెళ్లే మహిళలు ముందుగా చూసుకోవాల్సింది తమ పేరు మీద ఈఎస్ఐ నంబరు ఉందా, చందా నెలనెలా పడుతోందా అన్నదే. ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చిన కార్మికురాలికీ అదే హక్కు.

మరి మిరప కోతలకు వెళ్లేవాళ్లు? ఏటా కర్నూలు వైపు నుంచి ముఠాలు కుటుంబాలతో సహా గుంటూరు, ప్రకాశం చేలకు వలస వస్తాయి. స్థానిక మహిళలూ కోతకు వెళతారు. వీళ్లకు ఈఎస్ఐ లేదు. ఈ రోజు ఒక రైతు, రేపు మరో రైతు. ఎవరినని సెలవు జీతం అడుగుతారు? మిగిలేది అంగన్‌వాడీ ద్వారా నమోదయ్యే మాతృవందన పథకం: మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో బిడ్డ ఆడపిల్ల అయితే 6,000.

దీనికి దారి లేకపోలేదు. భవన నిర్మాణ కార్మికులకూ ఒకే యజమాని ఉండడు. అయినా 1996 చట్టాలతో మొదలైన పద్ధతిలో నిర్మాణ ఖర్చుపై సెస్సు వసూలు చేసి, సంక్షేమ బోర్డు ద్వారా ప్రసూతి సాయం ఇస్తున్నారు. మిర్చి యార్డులో ప్రతి బస్తా మీద మార్కెట్ సెస్సు వసూలవుతూనే ఉంది. అందులో కొంత భాగాన్ని కోత కూలీల కాన్పు నిధిగా మార్చడం అసాధ్యమేమీ కాదు. అడిగే గొంతులు కావాలి.

గల్ఫ్‌కు వెళ్లే కుటుంబాలు రెండు విషయాలు చూసుకోవాలి. ఒకటి, ఒప్పందం ఏ చట్టం కిందకు వస్తుందో ముందే అడగాలి. ఇళ్లలో పనికి వెళ్లేవారికి ఇది మరీ ముఖ్యం. రెండు, ఈసీఆర్ పాస్‌పోర్టుతో పనికి వెళ్లేవారు తప్పనిసరిగా తీసుకునే ప్రవాసీ భారతీయ బీమాలో మహిళా కార్మికుల ప్రసూతి ఖర్చులకూ రక్షణ ఉంది. ఆ పాలసీ కాపీ ఏజెంటు దగ్గరే వదిలేయకుండా ఇంట్లో ఒకటి దాచుకోవాలి.