పేరు గడి ఖాళీగా వదలొద్దు

మ్యూజియం వెబ్‌సైట్ అంటే మనకు టికెట్ ధర, తెరిచే వేళలు, నాలుగు అందమైన ఫొటోలు. కానీ ఇంట్లో కూర్చునే మ్యూజియం చూసే ఈ రోజుల్లో, ఎవరిని కళాకారులుగా లోకం గుర్తుంచుకోవాలో చాలావరకు అక్కడే తేలిపోతోంది. అమెరికాలోని 18 పెద్ద మ్యూజియాలు ఆన్‌లైన్‌లో పెట్టిన జాబితాలను తీసుకుని పరిశోధకులు లెక్కగట్టారు. 2019లో ఆ ఫలితాలు వచ్చాయి. కళాకారుల్లో 85 శాతం శ్వేతజాతీయులు. ఆఫ్రికన్ అమెరికన్లు 1.2 శాతం. నల్లజాతివాళ్లు బొమ్మలు వేయక కాదు, శిల్పాలు చెక్కక కాదు. కొనాల్సినవాళ్లు కొనలేదు, రాయాల్సినవాళ్లు రాయలేదు.

హారియట్ పవర్స్ సంగతి చూడండి. 1837లో జార్జియాలో బానిసగా పుట్టింది. బైబిల్ కథలను 11 గళ్లలో అతికి ఒక బొంత కుట్టింది. 1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన పత్తి సంతలో దాన్ని చూసిన జెన్నీ స్మిత్ అనే చిత్రకళ టీచరు కొంటానంది. పవర్స్ అమ్మనంది. నాలుగైదేళ్లకు ఇంట్లో ఇబ్బందులు ముదిరాక, ఆ బొంతను సంచిలో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఎడ్లబండి మీద తానే వచ్చింది. 10 డాలర్లు అడిగింది. చేతికొచ్చింది 5. ఇచ్చేముందు ఒక్కో గడిలో ఏముందో విడమరిచి చెబితే, స్మిత్ రాసుకుంది. ఆ తర్వాత కూడా తన బొంతను చూసుకోవడానికి పవర్స్ పలుమార్లు వచ్చి వెళ్లింది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్‌ వారి దగ్గర ఉంది. ఫొటో కింద ‘జానపద కళ, నూలు బట్ట’ అని రాసి ఊరుకుంటే ఆ పేజీకి అర్థమేముంది? 5 డాలర్ల బేరం అక్కడ కనిపించాలి. ఏ గడి మీద వేలు పెడితే ఆ గడికి పవర్స్ చెప్పిన కథ తెరుచుకోవాలి. విమర్శకుడి వ్యాఖ్య ఆ తర్వాత చదువుకోవచ్చు.

సౌత్ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్‌లో డేవ్ అనే బానిస పెద్ద పెద్ద జాడీలు చేసేవాడు. 1859లో చేసిన ఒకటి దాదాపు 150 లీటర్లు పడుతుంది. బానిసలకు చదువు చెప్పడాన్ని నేరం చేస్తూ ఆ రాష్ట్రం 1834లో చట్టం తెచ్చింది. అలాంటి చోట ఆయన పచ్చి మట్టి మీద తన పేరు రాశాడు, తారీఖు వేశాడు, కొన్నింటి మీద రెండు పాదాల కవిత్వం కూడా చెక్కాడు. యజమాని లూయిస్ మైల్స్ పేరులోని పొడి అక్షరాలూ అదే జాడీ మీద ఉంటాయి. ఇప్పుడు వెబ్‌సైట్‌లో ‘తయారుచేసినవారు’ అన్న గడి నింపాలి. ఎవరి పేరు రాస్తాం? కుండల బట్టీ ఎవరిదో వాళ్లదా, చక్రం ముందు కూర్చున్నవాడిదా? డేటాబేస్ తయారుచేసేవాళ్లకు ఇది సాంకేతిక ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికి ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న.

మ్యూజియం గోడకు లేని వీలు వెబ్‌సైట్‌కు ఒకటుంది. పోయినదాన్ని కూడా అది చూపగలదు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం నల్లజాతి శిల్పి అగస్టా సావేజ్ 16 అడుగుల శిల్పం చేసింది. హార్ప్ వాద్యానికి తంతులుండే చోట, పాడుతున్న నల్లజాతి గాయకులు వరసగా నిలబడి ఉంటారు. చేసింది ప్లాస్టర్‌తో. కంచులో పోత పోయించడానికి, భద్రపరచడానికి డబ్బు లేకపోయింది. ప్రదర్శన ముగిశాక దాన్ని పడగొట్టేశారు. ఫొటోలు, చిన్న చిన్న నమూనాలు మిగిలాయి. వాటికో పేజీ ఇచ్చి, అసలు శిల్పం ఎందుకు లేదో అక్కడే చెప్పాలి. ఆ కారణాన్ని దాచిపెట్టి ఆమె గొప్పదనాన్ని మాత్రం పొగిడితే అది సగం నిజం.

ఫిబ్రవరి వచ్చిందంటే నల్లజాతి చరిత్ర మాసం పేరుతో ఈ వెబ్‌సైట్ల ముఖపేజీ మారిపోతుంది. మార్చి ఒకటిన మళ్లీ మామూలే. ఏడాదికి ఒక నెల చోటిచ్చి మిగతా పదకొండు నెలలు వెనక్కి నెట్టడం గౌరవం అనిపించుకోదు. ‘శిల్పం’ అని వెతికితే సావేజ్ రావాలి. ‘వస్త్రకళ’ అని వెతికితే పవర్స్ రావాలి. ‘నల్లజాతి’ అన్న మాట కొడితే తప్ప వాళ్లు దొరక్కపోతే, అది పాత వెలివాడను కొత్తగా కట్టినట్టే.

ఇది అమెరికావాళ్ల గొడవ, మనకెందుకు అనకండి. 1965కు ముందు భారతీయులకు అమెరికా ఇచ్చిన వలస కోటా ఏడాదికి వందమంది. ఆ తలుపు తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతి ప్రజలు దెబ్బలు తిని, జైళ్లకెళ్లి సాధించిన పౌరహక్కుల వెల్లువలో వచ్చింది. ఆ తలుపులోంచి వెళ్లిన మన తెలుగు పిల్లలెందరో ఇవాళ అక్కడ సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరి ముందుకు ఏదో ఒక రోజు ఇలాంటి మ్యూజియం వెబ్‌సైట్ పని వస్తుంది. రుణం తీర్చుకునే అవకాశం అది.

అందుకే ఆ పని చేసేవాళ్లను అడుగుతున్నాను. ఆ వస్తువు ఎవరి చేతుల్లోంచి, ఎంత ధరకు మ్యూజియానికి చేరిందో రాయడానికి ఒక గడి పెట్టించండి. కళాకారుల వారసులు బతికుంటే పేజీ జనంలోకి వెళ్లకముందే వాళ్లకు చూపించమని పట్టుబట్టండి. కళ్లు లేనివాళ్ల కోసం రాసే వర్ణనలో తెల్ల మనిషిని ‘యువకుడు’ అనీ, నల్ల మనిషిని మాత్రం ‘నల్ల యువకుడు’ అనీ రాస్తే, అది తప్పని చెప్పండి. చూసేవాళ్లం మనమూ ఊరుకోవద్దు. పేరు లేని చోట, ఎందుకు లేదని మ్యూజియానికి ఒక ఉత్తరం రాద్దాం. కొన్ని పేర్లు నిజంగానే దొరకవు. కానీ వెతక్కుండానే ‘అజ్ఞాత కళాకారుడు’ అని రాయడం అబద్ధం. ఆ అబద్ధానికి మన చేతులతో కోడ్ రాయొద్దు.