మూడు నిమిషాల ఆట, కదలని రేటింగు

బ్లిట్జ్ ఆడితే చెస్ పాడైపోతుందని పెద్దవాళ్ళు అంటుంటారు. నేనొప్పుకోను. పాడుచేసేది బ్లిట్జ్ కాదు, ఓడిన మరుక్షణం "ఇంకో ఆట" అని నొక్కే వేలు.

జంగారెడ్డిగూడెంలో ఉండే మా తమ్ముడినే తీసుకోండి (బాబాయి కొడుకు, డిగ్రీ చదువుతున్నాడు). కోచ్ లేడు, ఎదురుగా కూర్చుని ఆడే జోడీ కూడా లేదు. ఉన్నదల్లా ఫోనూ, లిచెస్సూ. 3 నిమిషాల ఆట, ఎత్తుకి అదనపు సెకన్లు లేవు. తెల్లపావులొస్తే ఎప్పుడూ లండన్ సిస్టమే. అవతలివాడు ఏం ఆడినా వీడి మొదటి ఎనిమిదెత్తులు మారవు. తర్వాత రాజు పక్క బంట్లు తోసుకుంటూ దాడి. అది ఫలించకపోతే గడియారమ్మీద గెలవాలని చూస్తాడు. "నాది తాల్ టైపు ఎటాకింగ్ స్టైల్ అన్నయ్యా" అంటాడు. రేటింగ్ మాత్రం ఏడాదిగా అక్కడక్కడే తిరుగుతోంది.

తాల్ 1960లో ప్రపంచ ఛాంపియన్. 1988లో, 51 ఏళ్ళ వయసులో, ప్రపంచ బ్లిట్జ్ కూడా గెలిచాడు. ఆయన చివరి ఆటలో కూడా ఘనుడే. మనవాళ్ళకి మంత్రులు పోయి ఏనుగులూ బంట్లూ మిగిలితే ఏం చెయ్యాలో తెలీదు కాబట్టి, అక్కడిదాకా రాకుండానే తేల్చేద్దామని చూస్తారు. దాన్ని స్టైల్ అంటే ఎలా?

1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రచురించారు. నిజమైన ఆటలోని స్థితిని 5 సెకన్లు చూపిస్తే మాస్టర్ చాలా పావుల్ని తిరిగి సరిగ్గా పెట్టేశాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లేసి చూపిస్తే మామూలువాళ్ళ మీద ఆయనకున్న ఆధిక్యం దాదాపు పోయింది. అంటే వేగం వచ్చేది ఇదివరకు చూసి గుర్తుపెట్టుకున్న ఆకారాల వల్ల. మా ఊరి పొగాకు వేలంలో కొనేవాళ్ళు బేలు వైపు ఓ చూపు చూసి ధర చెప్పేస్తారు. ఆ చూపు వెనక ఎన్నో ఏళ్ళ పొగాకు ఉంటుంది. బ్లిట్జ్ కూడా అంతే, దాచుకున్నది ఖర్చుపెట్టే చోటు.

మన కోనేరు హంపినే చూడండి. తండ్రి అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలేసి కోచింగ్ ఇచ్చారు. 2002లో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ కోసం టైబ్రేక్‌లో ఆర్మగెడాన్ దాకా ఆడి నెగ్గింది, 2022లో ప్రపంచ బ్లిట్జ్‌లో రజతం తెచ్చింది. ఆ నిమిషాల ఆట వెనక ఏళ్ళ తరబడి చేసిన నిదానపు సాధన ఉంది.

అందరికీ అశోక్ గారు దొరకరు కదా అంటారా? నిజమే, నా బాధ కూడా అదే. చిన్న ఊళ్ళో పిల్లాడికి వాడి ఓడిన ఆటే కోచ్. దాన్ని చూడకుండా ఇంకోటి మొదలెట్టడమంటే, సర్వర్ పడిపోతే లాగ్ తెరవకుండా రీస్టార్ట్ చెయ్యడమే. ఆ పని ఆఫీసులో చేస్తే మనం ఊరుకుంటామా?

వాడికి చెప్పింది మూడే ముక్కలు. ఎత్తుకి 2 సెకన్లు కలిసే ఆట ఆడు (ప్రపంచ బ్లిట్జ్‌లోనూ 3 నిమిషాలకి 2 సెకన్లు కలుస్తాయి), అప్పుడు గడియారం కన్నా బోర్డు మీద ఎక్కువ ధ్యాస పెట్టొచ్చు. రోజుకి ఐదాటలు చాలు. ఓడిన ప్రతి ఆటనీ ముందు సొంత బుర్రతో, ఆ తర్వాతే ఇంజిన్‌తో చూడు. లిచెస్‌లో ఇదంతా ఉచితమే.

రేటింగ్ వెంటనే పెరగదు. 200 పాయింట్లు పెరగడమంటే, పాత నీతో నాలుగాటలు ఆడితే సుమారుగా మూడు గెలవాలన్నమాట. అది చిన్న మార్పేం కాదు.

టైంపాస్‌కి ఆడేవాళ్ళతో నాకే పేచీ లేదు, హాయిగా ఆడుకోండి. కానీ రాత్రి పన్నెండింటికి పోయిన 40 పాయింట్ల కోసం నిద్ర మానుకుని ఆడేవాళ్ళది టైంపాస్ కాదు. వాళ్ళకి నిజంగానే ఎదగాలనుంది. ఆ కోరికకి రోజూ ఓ పావుగంట నిదానంగా కూర్చోవడం బాకీ ఉన్నట్టే.