మయసభలో నవ్వినదెవరు?

పురానా ఖిలాను ఇంద్రప్రస్థమని చూపేవారికి ఢిల్లీలో కొదువ లేదు. 1954-55లోను, 1969-73లోను అక్కడ జరిగిన త్రవ్వకాలలో మౌర్యుల నాటి నుంచి మొగలాయీల నాటి వరకు పొరపొరగా ఆనవాళ్లు లభించినవి గాని మయసభ జాడ లభించలేదు.

నన్ను వేధించే ప్రశ్న వేరు. ఆ సభలో నవ్వినదెవరు? మడుగులో పడిన దుర్యోధనుని చూచి ద్రౌపది నవ్వినదని, గుడ్డివాని కొడుకూ గుడ్డివాడే అన్నదని లోకం నమ్మింది. 1988లో మొదలైన దూరదర్శన్ ధారావాహిక ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. వ్యాసుని సభాపర్వంలో కథకుడు చెప్పినంతవరకు నవ్వినది భీమార్జునులు, కవలలు, పరిచారకులు. ద్రౌపది కూడ నవ్వినదని తరువాత తండ్రితో మొరపెట్టుకొన్నవాడు దుర్యోధనుడే. ఆమె ఆ గుడ్డి మాట అన్నట్లు మూలంలో ఎక్కడా లేదు. ముద్దాయి వాఙ్మూలమే తీర్పుగా చెలామణి అయినదన్నమాట! వస్త్రాపహరణానికి సాకు కూడ అందులోనే దొరికింది.

ఈ ధోరణి పాతబడలేదు. 2018 ఫిబ్రవరి 7న రాజ్యసభలో ప్రధాని మోదీ ప్రసంగిస్తుండగా అప్పటి ఆంధ్రప్రదేశ్ సభ్యురాలు రేణుకా చౌదరి బిగ్గరగా నవ్వినారు. నాటి అధ్యక్షులు వెంకయ్యనాయుడు మందలించినారు. రామాయణ ధారావాహిక తరువాత అటువంటి నవ్వు వినే భాగ్యం ఆనాడే కలిగినదని ప్రధాని ఎత్తిపొడిచినారు. అధికారపక్షం వారు బల్లలు చరచి నవ్వినారు. ఆ నవ్వు మాత్రం వివాదం కాలేదు.