కనిగిరి సీమలో నీటి పంచాంగము



ఎడారి యనగానే మనకు ఇసుక తిన్నెలును ఒంటెలును తోచును. కనిగిరి సీమ యట్టిది కాదు. ఎఱ్ఱనేలలు, రాళ్లు తేలిన మెట్టపొలములు, తుమ్మచెట్లు, చిల్లకంప గల కరవు నేల. పూర్వము నెల్లూరు జిల్లాలో నుండి, 1970లో ప్రకాశము జిల్లా యేర్పడినపుడు అందు చేరినది. ఇచ్చటి గృహిణి చూచుకొను పంచాంగము నీటి పంచాంగమే.

ఫాల్గుణములో చింతపండు కొట్టి, గింజ తీసి, ఉప్పు చేర్చి కుండల కెత్తుదురు. చైత్రమున వేపపూత రాలును. వైశాఖము వచ్చునప్పటికి బావులు అడుగంటును. నీళ్ల ట్యాంకరు వచ్చు చోట బిందెలు తెల్లవారకమున్నె వరుసదీరును. ఎండ ముదురకముందే మిద్దెమీద వడియములు పెట్టి క్రిందికి దిగవలయును. మధ్యాహ్నము కాకియైనను వేపకొమ్మను విడువదు. తాటిముంజలే పిల్లలకు చలువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులునను సామెత యిచ్చట అతిశయోక్తి గాదు.

మృగశిరలో ఒక జల్లు పడినచో నేలపై ఆరుద్ర పురుగులు ఎఱ్ఱని పట్టుచుక్కలవలె నడచును. పిల్లలు వానిని అరచేతిలో నుంచుకొని మురియుదురు. కాని నైరృతి మేఘములు పడమటి కనుమలయందే చాలవఱకు కురిసి, మనవైపునకు తేలికయై వచ్చును. సజ్జయు కందియు విత్తినవారు ఆకాశము చూచుచుందురు. వాన తప్పిన యేట యువదంపతులు బేల్దారి పనులకై హైదరాబాదు, బెంగుళూరు పోవుదురు. ఇంట ముసలివారును పిల్లలును మిగులుదురు.

ఆశ్వయుజ కార్తికములలో బంగాళాఖాతమునుండి వచ్చు వానలే ఈ సీమకు పెద్ద దిక్కు. తంగేడు పూచును, సీతాఫలములు పండును, వాయుగుండము పట్టిన నాలుగు దినములలో ఎండిన కుంటలు నిండును. పుష్యములో రేగుపండ్లు, కందికోత. పిమ్మట మరల చింతపండు.

ఇంతవఱకు నీరు చాలునా యను మాట చెప్పితిని. నీరు మంచిదా యనునది రెండవ మాట. ఇచ్చటి రాతిపొరలలోని ఫ్లోరైడు భూగర్భజలములో కరగి వచ్చును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించినచో అది హానికరము. మన దేశములో ఈ వ్యాధిని వైద్యులు మొదట వర్ణించినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలోనే.

మొన్న పొరుగింటి చిన్నది తన యాఱేండ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, "పిన్నమ్మా, మా మామగారి నడుము వంగినది బోరు నీటివలననే యందురు. వీనికి నేను ఆ నీళ్లను బాగుగా కాచియే పోయుచున్నాను, భయము లేదు గదా?" యని యడిగినది. నాకు గుండె కలుక్కుమన్నది. కాచినచో క్రిములు చచ్చును, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది అది మఱింత చిక్కబడును. ఎనిమిదేండ్లలోపు పిల్లలకు చిగుళ్ల లోపలనే పండ్ల పైపూత యేర్పడుచుండును గనుక, మచ్చ అప్పుడే పడును. పన్ను మొలచిన పిదప తోమినను పోదు. ఆ తల్లి ప్రేమలో లోపము లేదు. తెలియమియే లోపము.

మఱి యేమి చేయవలెను? థార్ ఎడారిలో కనిగిరి కంటె తక్కువ వాన పడును. అయినను అచ్చటి స్త్రీలు ఇంటి ముంగిట "టాంకా" యను నేలతొట్టిలో వాననీటిని దాచి యేడాది త్రాగుదురు. రాతిని తాకని వాననీటిలో ఫ్లోరైడు లేనట్టే. లెక్క చూడుడు: చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన పడిన ఒక లీటరు. ముప్పది చదరపు మీటర్ల మిద్దెపై 100 మిల్లీమీటర్లు కురిసిన 3,000 లీటర్లు. అయిదవవంతు వృథాయైనను 2,400 మిగులును. వంటకును త్రాగుటకును దినమునకు 20 లీటర్ల చొప్పున అది నాలుగు నెలల నీరు!

వానకు ముందు మిద్దె నూడ్చుడు. మొదటి వాననీటిని వదలివేయుడు. పిదపటి నీటిని గుడ్డతో వడగట్టి, వెలుతురును దోమయు చొరని మూతగల తొట్టిలో నింపుడు. త్రాగునపుడు కాచుడు, కాచుట పనికివచ్చునది ఈ నీటికే. తొట్టి కట్ట శక్తిలేనివారు రెండు మూతడ్రమ్ములతోనైన ఆరంభింపవచ్చును. ఆ నీరు ముందుగా పిల్లలకు. కొని తెచ్చు శుద్ధజలము చాలని యింటను ఇదే వరుస.

ఆ చిన్నది ఇంటికి పోయి, ఆ సాయంత్రమే మిద్దె గొట్టము క్రింద ఖాళీ డ్రమ్ము నిలిపినది. ఈ కార్తికమునకు అది నిండవలెనని నా కోరిక. మీ యింటి గొట్టము క్రింద నేమున్నదో ఒకసారి చూచుకొనుడు.